ప్యాచ్, వెర్షన్, పాత మాట: ఓపెన్ సోర్స్ వర్చువలైజేషన్ చరిత్ర



బడ్జ్ బడ్జ్ పేరు ఆధునిక భారత చరిత్రలో మనకు ఒక్కచోటే తగులుతుంది. 1914 సెప్టెంబరు 29, కొమగట మారు, కాల్పులు. కింద గీత గీసుకుని పేజీ తిప్పేస్తాం. నాకు మాత్రం అది సొంత ఊరు. ఒకప్పుడు ఉత్తరాంధ్ర, గంజాం పల్లెల నుంచి హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల్లో పనికి తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. మా ముత్తాత వాళ్ళలో ఒకడు. నేను ఇక్కడే పెరిగి, ఇంజనీరింగ్ పూర్తిచేసి, కోల్‌కతాలో ఒక చిన్న కంపెనీలో ఏడాదిన్నర పనిచేసి, ఆ తర్వాత సివిల్స్ పుస్తకాలు పట్టుకున్నాను.

ఈ వారం జీఎస్-3లో క్లౌడ్ కంప్యూటింగ్ చదువుతుంటే ఆ ఉద్యోగంలోని ఒక రాత్రి గుర్తొచ్చింది. పాత సర్వర్ల మీద నడుస్తున్న పదకొండు వర్చువల్ మెషీన్లను కొత్త సర్వర్ల మీదికి మార్చాలి. అదీ ఆపకుండా, నడుస్తుండగానే. పాత సర్వర్లలోని సాఫ్ట్‌వేర్‌కు మా సీనియర్ ఒకాయన సొంతంగా కొన్ని ప్యాచ్‌లు వేసుకున్నాడు. ఏది ఎందుకు వేశాడో ఎక్కడా రాసి లేదు. ఆయన అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. కొత్త సర్వర్‌లో ఆ ప్యాచ్‌లు లేవు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా కొత్తది. బదిలీ మొదలుపెట్టగానే ఎర్రర్. సరే, ఆపి మళ్ళీ స్టార్ట్ చేద్దామనుకున్నాం. లోపలున్న విండోస్ తనను ఎవరో వేరే కంప్యూటర్‌లో పెట్టారనుకుంది. నెట్‌వర్క్ కార్డు కొత్తదని లెక్కేసి పాత ఐపీ అడ్రసు పక్కన పడేసింది. ఆ మెషీన్ మీద ఒక నర్సింగ్ హోమ్ బిల్లింగ్ నడుస్తోంది. పొద్దున పది దాకా వాళ్ళు చేత్తో రసీదులు రాశారు. డిశ్చార్జి కావలసిన రోగులు సంచులు సర్దుకుని బెంచీల మీద కూర్చున్నారని తర్వాత తెలిసింది.

తప్పు ఎవరిది? ప్యాచ్ వేసినవాడిదా, వెర్షన్ మార్చిన మాదా, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళదా? చాలా రోజులు ఇదే ఆలోచించాను. చరిత్ర తిరగేస్తే ఇదే ప్రశ్న యాభై ఏళ్ళుగా నలుగుతోందని అర్థమైంది. దానికి అనుభవం నేర్పిన జవాబు కూడా ఉంది. మార్పులు చిన్నవిగా చేయాలి, మూలంలో కలపాలి, బయటివాళ్ళకు ఇచ్చిన మాట మాత్రం తప్పకూడదు. ఈ వ్యాసంలో ఆ జవాబు ఎలా రూపుదిద్దుకుందో చూద్దాం.

ముందు మూడు మాటలు

టెక్నికల్ నేపథ్యం లేని మిత్రుల కోసం క్లుప్తంగా చెబుతాను.

ఒకే అసలు కంప్యూటర్ మీద అనేక ఊహా కంప్యూటర్లను నడపడమే వర్చువలైజేషన్. ఒక్కో ఊహా కంప్యూటర్ తానే పూర్తి యంత్రమని నమ్ముతుంది. అసలు యంత్రాన్ని వాటి మధ్య పంచే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. కింద ఉన్న యంత్రాన్ని హోస్ట్ అంటారు, పైన నడిచేదాన్ని గెస్ట్ అంటారు. మనం వాడే క్లౌడ్ సేవలన్నీ చాలావరకు దీని మీదే నిలబడ్డాయి.

ప్యాచ్ అంటే ప్రోగ్రాము మొత్తాన్ని తిరగరాయకుండా, మారిన లైన్లను మాత్రమే చెప్పే చిన్న ఫైలు. పలానా చోట ఈ రెండు లైన్లు తీసెయ్యి, ఈ మూడు పెట్టు అని చెబుతుంది. చట్ట సవరణ బిల్లు చదివారు కదా? పలానా సెక్షన్‌లో పలానా పదాలకు బదులు ఈ పదాలు ఉంచాలి అని ఉంటుంది. అచ్చం అదే పద్ధతి.

వెర్షన్ అనుకూలత అంటే కింద సాఫ్ట్‌వేర్ మారినా పైన నడిచేవి యథావిధిగా నడవడం. మామూలు సాఫ్ట్‌వేర్ కన్నా హైపర్‌వైజర్‌కు ఇది పెద్ద పరీక్ష. ఎందుకంటే అది కింద హార్డ్‌వేర్‌తో, పక్కన హోస్ట్ కెర్నల్‌తో, పైన ఎప్పటివో తెలియని గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్‌లతో, మూడు వైపులా పొసగాలి.

1972: వరుస సంఖ్యల కాలం

వర్చువలైజేషన్ క్లౌడ్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. 1960ల మధ్యలో అమెరికాలోని కేంబ్రిడ్జ్ పట్టణంలో ఐబీఎం శాస్త్రీయ కేంద్రంలో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో బృందం సీపీ-40 అనే వ్యవస్థ తయారుచేసింది. దాని వారసత్వంగా 1972 ఆగస్టు 2న ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది.

ఆనాటి విశేషమేమిటంటే, ఈ వ్యవస్థ సోర్స్ కోడ్‌తో సహా కస్టమర్లకు అందేది. ఓపెన్ సోర్స్ అనే మాట అప్పటికి పుట్టలేదు కానీ, పనితీరు దాదాపు అదే. విశ్వవిద్యాలయాలు, కంపెనీలు కోడ్ చదివి, తమకు కావలసినట్టు మార్చుకునేవి. షేర్ అనే వినియోగదారుల సంఘం సమావేశాల్లో ఆ మార్పులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేవారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ఇలాంటి మార్పులను టేపుల మీద పోగుచేసి పంచేది.

మార్పులు ఎలా చేసేవారు? ప్రతి సోర్స్ లైనుకూ ఒక వరుస సంఖ్య ఉండేది. అసలు ఫైలును ముట్టుకోకుండా, పలానా సంఖ్య తర్వాత ఇవి చేర్చు, పలానా సంఖ్యలు తొలగించు అని విడి ఫైలు రాసేవారు. ఏ మార్పు తర్వాత ఏ మార్పు పడాలో మరో నియంత్రణ ఫైలు చెప్పేది. ముందు ఐబీఎం సవరణలు, వాటి మీద స్థానిక సవరణలు. మూలం ఒకచోట, మార్పులు వేరొకచోట, రెండింటినీ కలిపితే నడిచే ప్రోగ్రాము. ఈనాటి పద్ధతికి పునాది అదే.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. ఐబీఎం కొత్త విడుదలలో వరుస సంఖ్యలు మారిపోతే స్థానిక మార్పులు తప్పు చోట అతుక్కుంటాయి. వాటిని మళ్ళీ కూర్చుని సరిచూసుకోవాలి. మార్పులు ఎన్ని ఎక్కువైతే విడుదల విడుదలకూ అంత చాకిరీ.

1983 ఫిబ్రవరిలో ఐబీఎం ఇంకో నిర్ణయం ప్రకటించింది. ఇకమీదట ఆబ్జెక్ట్ కోడ్ మాత్రమే ఇస్తాం, సోర్స్ ఇవ్వం అని. వీఎం వాడుకరులు తీవ్రంగా నిరసించారు. ఏళ్ళ తరబడి తాము చేసుకున్న మార్పులను ముందుకు తీసుకెళ్ళే దారి మూసుకుపోతుందన్నది వాళ్ళ బాధ. ఇక్కడ మొదటి పాఠం గమనించండి. మార్చుకునే వీలుంటే చాలదు, ఆ మార్పును తర్వాతి వెర్షన్‌కు మోసుకెళ్ళే హక్కు కూడా ఉండాలి. ఆ హక్కు ఒక కంపెనీ దయ మీద ఆధారపడితే అది ఏ రోజైనా పోవచ్చు.

1985 తర్వాత: సంఖ్య నుంచి సందర్భానికి

1970లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం డిఫ్ అనే ప్రోగ్రాము వచ్చింది. రెండు ఫైళ్ళ మధ్య తేడాలు చూపడం దాని పని. 1985లో లారీ వాల్ ప్యాచ్ అనే ప్రోగ్రాము రాసి అందరికీ ఇచ్చాడు. డిఫ్ చూపిన తేడాను తీసుకుని ఇది పాత ఫైలుకు అతికిస్తుంది. దీని గొప్పతనం ఏమిటంటే, ఇది లైను సంఖ్యను గుడ్డిగా నమ్మదు. మార్పుకు ముందూ వెనకా ఉన్న లైన్లను చూసి, చోటు కాస్త జరిగినా వెతికి పట్టుకుంటుంది. ఇల్లు నంబరు మారినా, రావిచెట్టు పక్కన రేకుల ఇల్లు అంటే పోస్ట్‌మ్యాన్ కనుక్కున్నట్టు.

ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోని మనుషులు ఒకే ప్రోగ్రాము మీద పనిచేయడం దీంతో సులువైంది. 1991లో మొదలైన లినక్స్ ఇలా ఈమెయిల్లో వచ్చే ప్యాచ్‌లతోనే పెరిగింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాక మార్పుల చరిత్ర మొత్తం ప్రతి ఒక్కరి దగ్గరా ఉండే ఏర్పాటు వచ్చింది. అదే ఏడాది లినక్స్ స్థిర విడుదలల పద్ధతి మొదలైంది. దాని నియమాలు మనం నేర్చుకోదగ్గవి. ప్యాచ్ ముందుగా ప్రధాన కెర్నల్‌లో చేరి ఉండాలి. సందర్భపు లైన్లతో కలిపి వంద లైన్లు మించకూడదు. నిజమైన లోపాన్ని సరిచేయాలి, ఉంటుందేమో అన్న అనుమానాన్ని కాదు.

జెన్: పక్కన పెట్టుకున్న ప్యాచ్ బరువు

2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి జెన్ అనే ఓపెన్ సోర్స్ హైపర్‌వైజర్ వచ్చింది. ఆనాటి ఎక్స్86 ప్రాసెసర్లు వర్చువలైజేషన్‌కు అనువుగా ఉండేవి కావు. అందుకని జెన్ బృందం గెస్ట్ కెర్నల్‌నే కొద్దిగా మార్చింది. 2003 నాటి వారి పరిశోధన పత్రం ప్రకారం లినక్స్‌లో మార్చింది దాదాపు 3 వేల లైన్లు. కెర్నల్ పరిమాణంలో అది చిన్న అతుకే. వేగం బాగుంది. 2006లో అమెజాన్ తన ఈసీ2 సేవను జెన్ మీదే మొదలుపెట్టింది.

అయితే జెన్ ఒంటరిగా నడవదు. డిస్కు, నెట్‌వర్క్ వంటి డ్రైవర్ల కోసం దానికి డామ్-0 అనే ప్రత్యేక లినక్స్ కావాలి. ఆ లినక్స్‌కు కావలసిన ప్యాచ్‌లు ప్రధాన కెర్నల్‌లో లేవు. 2006 నాటి 2.6.18 కెర్నల్ మీద విడిగా పేర్చి ఉంచారు. ప్రధాన లినక్స్ రెండు మూడు నెలలకోసారి ముందుకు పోతూనే ఉంది. లోపలి ఏర్పాట్లు మారుతూనే ఉన్నాయి. కొత్త హార్డ్‌వేర్‌కు డ్రైవర్లు కొత్త కెర్నల్‌లోనే వస్తున్నాయి. జెన్ వాడేవాళ్ళకు మిగిలినవి రెండే దారులు. పాత కెర్నల్‌తో సర్దుకుపోవడం, లేదా ఆ ప్యాచ్‌లన్నిటినీ కొత్త కెర్నల్‌కు మళ్ళీ మళ్ళీ మోసుకురావడం.

ఫెడోరా కొన్నాళ్ళు మోసింది. 2008లో 9వ విడుదలతో జెన్ హోస్ట్ మద్దతు వదిలేసింది. చెల్లుబాటయ్యే పరిష్కారం మూలంలో కలపడమేనని జెన్ బృందానికి తెలుసు. జెరెమీ ఫిట్జ్‌హార్డింజ్ వంటివారు ఏళ్ళ తరబడి ఆ పని చేశారు. గెస్ట్ భాగం 2007లో 2.6.23లో చేరింది. డామ్-0 మాత్రం అంత తేలిగ్గా కలవలేదు. మిగతా కెర్నల్‌లోకి అది మరీ చొచ్చుకువస్తోందని నిర్వాహకులు అభ్యంతరం చెప్పారు. అభ్యంతరాలకు తగ్గట్టు ముక్కలు చేసి, తిరగరాసి పంపారు. 2011 జనవరిలో 2.6.37తో ప్రాథమిక భాగం, అదే జులైలో 3.0తో మిగిలిన ముఖ్య భాగాలు చేరాయి. ఆ ఏడాది చివర్లో ఫెడోరా 16లో జెన్ హోస్ట్ తిరిగొచ్చింది.

మూడు వేల లైన్లతో మొదలైన కథ మూలంలో పూర్తిగా కలవడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ ఎనిమిదేళ్ళలో రంగం మారిపోయింది.

కేవీఎం: చిన్న మార్పు, మారని అంకె

2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ తమ ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్ సదుపాయం పెట్టాయి. 2006 అక్టోబరులో ఇజ్రాయెల్ స్టార్టప్ కుమ్రానెట్ నుంచి అవి కివిటి లినక్స్ బృందానికి ఒక ప్యాచ్‌ల వరుస పంపాడు. పేరు కేవీఎం. కొత్త హైపర్‌వైజర్‌ను మొదటినుంచీ కట్టడం ఎందుకు, లినక్స్‌నే హైపర్‌వైజర్‌గా వాడుకుందాం అన్నది ఆలోచన. షెడ్యూలింగ్, మెమరీ, డ్రైవర్లు లినక్స్‌లో ఉన్నవే. కేవీఎం వాటికి ఒక మాడ్యూల్ మాత్రమే చేరుస్తుంది.

మిగతా కెర్నల్‌ను దాదాపు ముట్టుకోని మార్పు కాబట్టి చేర్చడానికి ఎవరికీ పెద్ద అభ్యంతరం లేకపోయింది. 2007 ఫిబ్రవరిలో 2.6.20తో అది లినక్స్‌లో భాగమైంది. పంపిన నాటి నుంచి నాలుగు నెలలు. జెన్‌కు పట్టిన ఏళ్ళతో పోల్చుకోండి. 2008లో రెడ్ హ్యాట్ కుమ్రానెట్‌ను కొన్నది. 2007లో జెన్‌తో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5కు 2009లో కేవీఎం చేరింది. 2010 నాటి 6వ విడుదలలో జెన్ హోస్ట్ లేదు. 2017లో అమెజాన్ కూడా కేవీఎం ఆధారంగా కొత్త హైపర్‌వైజర్ తెచ్చింది.

జెన్ చెడ్డది, కేవీఎం మంచిది అని నేను చెప్పడం లేదు. హార్డ్‌వేర్ సాయం లేని కాలంలో జెన్ చేసింది గొప్ప పని. కేవీఎంకు కాలం కలిసొచ్చింది. కానీ మూలంలో ఉన్న కోడ్‌కు ఒక లాభం ఉంది. లినక్స్ లోపలి ఏర్పాటు ఎవరు మార్చినా, దానివల్ల ప్రభావితమయ్యే కేవీఎం లైన్లు కూడా వాళ్ళే సరిచేయాలి. బయట ఉన్న కోడ్‌కు ఆ రక్షణ లేదు. ఇంజనీరింగ్ ల్యాబులో వర్చువల్‌బాక్స్ వాడినవాళ్ళకు ఈ విషయం అనుభవమే. రాత్రి లినక్స్ అప్‌డేట్ అవుతుంది, పొద్దున కెర్నల్ డ్రైవర్ లేదంటూ ఎర్రర్ వస్తుంది. దాని హోస్ట్ మాడ్యూళ్ళు కెర్నల్ బయట ఉండటమే కారణం.

ఇక్కడ లినక్స్ పెట్టుకున్న ఒక గీత తెలుసుకోవాలి. కెర్నల్ లోపలి ఏర్పాట్లు ఎప్పుడైనా మారవచ్చు, వాటికి హామీ లేదు. కానీ బయటి ప్రోగ్రాములకు ఇచ్చిన ఇంటర్‌ఫేస్ చెడగొట్టకూడదు. కేవీఎంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. దానితో మాట్లాడే ప్రోగ్రాము ముందు నీ ఏపీఐ వెర్షన్ ఎంత అని అడగాలి. 2.6.22లో ఏపీఐ స్థిరపడినప్పటి నుంచి జవాబు ఒక్కటే: 12. ఆ అంకె ఇక మారదనే డాక్యుమెంటేషన్‌లో రాసుకున్నారు. మరి కొత్త సదుపాయాలు ఎలా చేరాయి? ఒక్కోదాన్ని విడివిడిగా అడిగే పద్ధతి పెట్టారు. పలానాది నీకు వచ్చా? వస్తే వాడతాను, రాకపోతే పాత దారిలోనే పోతాను. 2008లో రస్టీ రస్సెల్ పనితో లినక్స్‌లో చేరిన వర్టియో పరికరాలు కూడా ఇదే తీరు. హోస్ట్ తనకు వచ్చిన సదుపాయాలు చెబుతుంది, గెస్ట్ తనకు అర్థమైనవి ఎంచుకుంటుంది. ఇద్దరిలో ఎవరు పాతవారైనా సంసారం సాగుతుంది.

క్యూఎము: పాత యంత్రాన్ని గుర్తుపెట్టుకోవడం

కేవీఎం ప్రాసెసర్ పని చూసుకుంటుంది. మదర్‌బోర్డు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలను నటించి చూపేది క్యూఎము. ఫాబ్రిస్ బెలార్ 2003లో మొదలుపెట్టాడు. కేవీఎం వాళ్ళు తొలిరోజుల్లో క్యూఎముకు సొంత ప్రతి పెట్టుకుని మార్పులు చేసుకున్నారు. అంటే వాళ్ళకూ అదే పక్కదారి సమస్య ఎదురైంది. ఆ ప్రతిని కొంచెం కొంచెంగా మూలంలో కలుపుతూ వచ్చి, 2012 డిసెంబరులో క్యూఎము 1.3తో ఆ పని ముగించారు.

క్యూఎము నటించే పాత మదర్‌బోర్డుకు ఆధారం 1996 నాటి ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్. ఆ చిప్‌సెట్ ఎన్నడో అంగళ్ళ నుంచి పోయింది, ఊహా కంప్యూటర్లలో మాత్రం ఇంకా బతికే ఉంది. క్యూఎము కొత్త విడుదలలో ఈ నటనలో చిన్న మార్పు చేస్తే ఏమవుతుంది? లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌కు రాత్రికి రాత్రి మదర్‌బోర్డు మార్చినట్టు ఉంటుంది. నడుస్తున్న మెషీన్‌ను ఇంకో హోస్ట్‌కు మార్చేటప్పుడైతే రెండు వైపులా పరికరాల వర్ణన సరిపోలకపోతే బదిలీయే జరగదు.

అందుకని మెషీన్ రకాలకు వెర్షన్ సంఖ్యలు పెట్టారు. 2.0 నాటి మదర్‌బోర్డు కావాలని పేరు పెట్టి అడిగితే, క్యూఎము ఎంత కొత్తదైనా ఆనాటి తీరులోనే నటించడానికి ప్రయత్నిస్తుంది. వెర్షన్ చెప్పకుండా ఊరికే పీసీ అని అడిగితే ఆ విడుదలలో ఉన్న సరికొత్తది ఇస్తుంది.

నా రాత్రి గుర్తుందా? మా స్టార్టప్ స్క్రిప్టుల్లో ఉన్నది ఆ ఒక్క మాటే. పీసీ. పాత సర్వర్లో దానికి ఒక అర్థం, కొత్త సర్వర్లో ఇంకో అర్థం. సాఫ్ట్‌వేర్ ఇస్తానన్న మాటను మేము అడగనేలేదు. దానికి తోడు మా సీనియర్ ప్యాచ్‌లు మూలంలో లేవు కాబట్టి కొత్త వెర్షన్‌కు వాటి సంగతే తెలియదు.

పాతదాన్ని మోయడానికి కూడా ఖర్చు ఉంది. 2015 మే 13న వెనమ్ అనే భద్రతా లోపం బయటపడింది. క్యూఎములోని ఫ్లాపీ డిస్క్ కంట్రోలర్ కోడ్‌లో అది 2004 నుంచి ఉంది. ఫ్లాపీలు వాడేవాళ్ళు లేరు, కోడ్ మాత్రం ఉంది. ఆ సందులోంచి గెస్ట్‌లో ఉన్నవాడు హోస్ట్‌లోకి చొరబడే ప్రమాదం వచ్చింది. అదే కోడ్ వాడిన జెన్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ అన్నీ ప్యాచ్ వేసుకోవలసి వచ్చింది. కాబట్టి పాత మాట నిలబెట్టుకోవడమంటే అన్నిటినీ ఎల్లకాలం ఉంచడం కాదు. క్యూఎము ఇప్పుడు ముందే చెప్పి తీసేస్తుంది. మెషీన్ రకానికి మూడేళ్ళు నిండితే ఇక వదులుకోమని హెచ్చరిక, ఆరేళ్ళు నిండితే తొలగింపు. గడువు ఉన్న మాట కూడా మాటే, ముందే చెబితే.

మన సిలబస్‌లో ఇదే కథ

పాలిటీ చదివిన మీకు ఇప్పటికే కొన్ని పోలికలు తట్టి ఉంటాయి.

1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చూడండి. ఒక చట్టాన్ని రద్దు చేసినా, వేరే ఉద్దేశం కనిపించకపోతే, దాని కింద అప్పటికే వచ్చిన హక్కులు, బాధ్యతలు, నడుస్తున్న విచారణలు పోవు. రాజ్యాంగం 372వ అధికరణ ప్రకారం 1950కి ముందున్న చట్టాలు మార్చేదాకా, రద్దు చేసేదాకా కొనసాగాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు ఇదే పని ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం చేసింది. 100వ సెక్షన్ ఉన్న చట్టాలను ఉన్నట్టే నడవనిచ్చింది. 101వ సెక్షన్ వాటిని కొత్త రాష్ట్రానికి తగ్గట్టు సర్దుకోవడానికి రెండేళ్ళు ఇచ్చింది. ఒక కోడ్ రెండుగా చీలితే ఎలా నడపాలో దానికన్నా మంచి ఉదాహరణ మన పక్కనే లేదు. ఇక 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు చెప్పిందేమిటి? సవరణలు ఎన్నైనా చేసుకోండి, మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టకండి అని. కేవీఎంలో 12 అనే అంకె నాకు ఆ తీర్పులా కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త కూడా మా ఊరి స్మారకం నుంచే చెప్పాలి. భారతీయుల రాకను ఆపడానికి కెనడా 1908లో పుట్టిన దేశం నుంచి నేరుగా, ఎక్కడా ఆగని ప్రయాణం చేసినవారే రావాలని నిబంధన పెట్టింది. 1913 నవంబరులో అక్కడి కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఉత్తర్వులోని మాటలు మాతృ చట్టంలోని మాటలతో పొసగలేదన్నది ఒక కారణం. ప్రభుత్వం 1914 జనవరిలో మాటలు సరిచేసి మళ్ళీ జారీచేసింది. మేలో 376 మందితో వాంకోవర్ చేరిన కొమగట మారు ఆ కొత్త ఉత్తర్వుకే తగులుకుంది. రెండు నెలలు రేవులోనే ఆపి, జులై 23న వెనక్కి తరిమారు. ఆ ఓడ ప్రయాణం ముగిసింది బడ్జ్ బడ్జ్‌లోనే. చట్టపరంగా ఆ ప్యాచ్ సరిగ్గా అతుక్కుంది. అయినా అది అన్యాయమే. పొసగడం వేరు, న్యాయం వేరు. సవరణ ఎవరు చేస్తున్నారు, అది ఎవరిని బయట నిలబెడుతోంది అన్న ప్రశ్నను ఏ టెక్నికల్ నియమమూ మన బదులు అడగదు.

మన దేశానికి దీంతో పనేమిటి

2014లో కేంద్రం మేఘ్‌రాజ్ పేరుతో ప్రభుత్వ క్లౌడ్ మొదలుపెట్టింది. 2015లో ఈ-గవర్నెన్స్ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, ఇవ్వకపోతే కారణం చెప్పాలని విధానం ప్రకటించింది. మంచి అడుగు. కానీ ఓపెన్ సోర్స్ అంటే లైసెన్సు ఖర్చు మిగలడమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. 1983లో వీఎం వాడుకరులు పోగొట్టుకుంటామని భయపడింది డబ్బు కాదు, తమ మార్పులను ముందుకు తీసుకెళ్ళే శక్తి. ఆ శక్తి ఓపెన్ సోర్స్ మనకు చేతికిస్తుంది. దాన్ని వాడాలంటే మనుషులు కావాలి.

నా దృష్టిలో ఏ ప్రభుత్వ డేటా సెంటర్‌కైనా నాలుగు పనులు తప్పవు. మనం చేసిన ప్రతి మార్పునూ, ఎందుకు చేశామో ఒక వాక్యంతో సహా రాసిపెట్టాలి. వీలైనదాన్ని మూల ప్రాజెక్టుకు పంపాలి. వెర్షన్లను పేరు పెట్టి అడగాలి, ఏదో ఒకటి ఇవ్వమనకూడదు. పాతదాన్ని తీసేసే తేదీ ముందే ప్రకటించాలి. వీటిలో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. అన్నీ అలవాట్లే. ఒక ఉద్యోగి బదిలీ అయినా ఫైలు నడవాలని పరిపాలనలో మనం అనుకుంటాం. ప్యాచ్ కూడా ఫైలే.

ఆ రాత్రి తప్పు ఎవరిదని మొదట్లో అడిగాను. వెళ్ళిపోయిన సీనియర్‌ను చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత నేను ఉద్యోగం మానేసేటప్పుడు నా మార్పులు ఎన్ని రాసిపెట్టానో లెక్క చూసుకున్నాను. సగం కూడా లేవు. చివరి వారం కూర్చుని మిగతావి రాసి ఇచ్చి వచ్చాను. రేపు మనలో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నా, లేచి వెళ్ళే రోజున మన తర్వాత వచ్చేవాడికి ఏం మిగులుస్తున్నామో చూసుకోవాలి. బెంచీ మీద సంచి పట్టుకుని ఎదురుచూసేవాళ్ళకు మన పేర్లు తెలియవు, మన నిర్లక్ష్యమే తెలుస్తుంది.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోండి

వీఎం/370 – 1972. ప్యాచ్ ప్రోగ్రాము – లారీ వాల్, 1985. జెన్ – కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, 2003. కేవీఎం లినక్స్‌లో చేరిక – 2007, వెర్షన్ 2.6.20. మేఘ్‌రాజ్ – 2014. కేంద్ర ఓపెన్ సోర్స్ విధానం – 2015.

మెయిన్స్ సాధన ప్రశ్న

"ప్రభుత్వ డిజిటల్ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడకం ఖర్చు తగ్గించుకోవడానికే కాదు, సాంకేతిక స్వావలంబనకు కూడా." చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

రాసేటప్పుడు ఒక్క ఉదాహరణనైనా తేదీతో, కారణంతో సహా రాయండి. వచ్చే వారం సైబర్ భద్రతతో కలుద్దాం.